గర్భస్రావ చట్టం పాఠం: ఏటా నా తరగతిలో వినే అపోహలు

ఎల్‌ఎల్‌బీ విద్యార్థులకు ఈ పాఠం చెప్పడం మొదలుపెట్టి పన్నెండేళ్లు దాటింది. ఏటా కొత్త ముఖాలు వస్తాయి, అపోహలు మాత్రం పాతవే.

అపోహ: ఈ చర్చ అమెరికా నుంచి మనకు దిగుమతి అయింది.

2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు, గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన తన పాత రో వర్సెస్ వేడ్ తీర్పును కొట్టేసింది. ఆ ఏడాది తరగతిలో ఆ కేసు పేరు తెలియనివారు లేరు. మన చట్టం ఏ సంవత్సరానిదని అడిగితే మాత్రం ఒక్క గొంతూ పెగల్లేదు. రో తీర్పు 1973 జనవరిలో వచ్చింది. మన వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం 1971 నాటిది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని వెనుక 1964లో వేసిన శాంతిలాల్ షా కమిటీ ఉంది. చాటుమాటుగా కడుపు తీయించుకుంటూ ప్రాణాలు పోగొట్టుకునే స్త్రీల గురించిన ఆందోళన ఉంది.

అపోహ: చట్టం ఉంది కాబట్టి గర్భస్రావం స్త్రీ హక్కు.

ఇక్కడ నేను ఉపన్యాసం ఆపి రంగు పెన్సిళ్లు పంచుతాను. మన చట్టంలోని సెక్షన్ 3 ప్రతి ఇచ్చి, నిర్ణయం వైద్యుడిదైన చోట ఎరుపు గీత, స్త్రీదైన చోట నీలం గీత గీయమంటాను. పది నిమిషాల్లో కాగితం ఎర్రబడుతుంది. నీలం దాదాపు ఒక్కచోటే, ఆమె సమ్మతి దగ్గర. ఫలానా షరతులు పాటించిన వైద్యుడు నేరస్థుడు కాడు అనడంతోనే ఆ సెక్షన్ మొదలవుతుంది. గర్భస్రావం చేయించడమనే అసలు నేరం ఇంకా అలాగే ఉంది. పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 312గా ఉన్నది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 88. తన గర్భాన్ని తానే తొలగించుకున్న స్త్రీ కూడా దాని పరిధిలోకి వస్తుంది. ఈ మాట చదవగానే తరగతి నిశ్శబ్దమైపోతుంది. అయితే పునరుత్పత్తి విషయంలో నిర్ణయం తీసుకోవడం ఆర్టికల్ 21 కింద వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుచితా శ్రీవాస్తవ కేసులో 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రాజ్యాంగం ఆమెతో మాట్లాడుతుంది, చట్టం వైద్యుడితో మాట్లాడుతుంది. ఈ రెండింటి మధ్య ఎడం అర్థమైతే సగం పాఠం అయిపోయినట్టే.

అపోహ: ఆర్‌ఎంపీ చేయవచ్చని చట్టంలోనే ఉంది.

తెలుగు నేల మీదే ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇది. చట్టంలోని 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్'ను పొట్టిగా రాస్తే ఆర్‌ఎంపీ. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే డిగ్రీ లేకుండా సూదిమందు వేసే మనిషి. ఒక విద్యార్థి జవాబుపత్రంలో నిక్షేపంగా 'గ్రామంలోని ఆర్‌ఎంపీకి అధికారం కలదు' అని రాశాడు. నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. చట్టం చెప్పే వైద్యుడికి గుర్తింపు పొందిన వైద్య పట్టా, రాష్ట్ర వైద్య రిజిస్టరులో పేరు, స్త్రీల వైద్యంలో, ప్రసూతి వైద్యంలో నిర్ణీత అనుభవం లేదా శిక్షణ ఉండాలి. చోటు కూడా ప్రభుత్వ ఆసుపత్రో, ప్రభుత్వం ఆమోదించిన కేంద్రమో అయి ఉండాలి.

అపోహ: భర్త సంతకం తప్పనిసరి.

కాదు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు. మైనరుకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి.

అపోహ: పెళ్లికానివారికి ఈ చట్టం వర్తించదు.

2021 సవరణలో 'భర్త' పోయి 'భాగస్వామి' వచ్చింది. 20 వారాల వరకు ఒక వైద్యుడి అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు కావాలి, అదీ నిబంధనల్లో పేర్కొన్న కొన్ని వర్గాల స్త్రీలకే. ఆ వర్గాల నుంచి అవివాహితలను తప్పించడం కుదరదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: గర్భస్రావం, భ్రూణహత్య ఒకటే.

లింగనిర్ధారణను నిషేధించింది 1994 నాటి వేరే చట్టం. రెండూ కలిసిపోవడానికి మన మాటలే కారణం. 'గర్భస్రావం' అంటే దానంతట అదే పోయినదీ అవుతుంది, తీయించుకున్నదీ అవుతుంది. 'భ్రూణహత్య' అన్నామంటే వాదన మొదలవకముందే తీర్పు చెప్పేసినట్టే. అందుకే ఏ మాట వాడినా ఎందుకు వాడుతున్నారో చెప్పి వాడమంటాను.

అపోహ: ఆడవాళ్లంతా ఒక పక్షం, మగవాళ్లంతా ఒక పక్షం.

2023 అక్టోబరులో 26 వారాల గర్భంతో, ప్రసవానంతర మానసిక సమస్యతో ఇద్దరు పిల్లల తల్లి సుప్రీంకోర్టుకు వచ్చింది. మహిళా న్యాయమూర్తులైన జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ నాగరత్న మొదట అనుమతించారు. గర్భస్థ శిశువు బతికే అవకాశం ఉందని వైద్యులు తెలిపాక ఇద్దరూ చెరో దారి పట్టారు. జస్టిస్ కోహ్లీ వద్దన్నారు, జస్టిస్ నాగరత్న ముందు ఆదేశానికే కట్టుబడ్డారు. చివరికి అక్టోబరు 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అనుమతి నిరాకరించింది. 24 వారాలు దాటాక తల్లి ప్రాణానికి తక్షణ ముప్పు, వైద్య మండలి నిర్ధారించిన తీవ్ర పిండ లోపం తప్ప చట్టంలో దారి లేదని వారి మాట. ఈ కేసు మీద వాదన పెట్టి, సగంలో పక్షాలు మార్పిస్తాను. గట్టిగా అరిచినవారే అప్పుడు తడబడతారు.

అపోహ: 'అనుకూలమా, వ్యతిరేకమా' అని చేతులెత్తించాకే చర్చ మొదలుపెట్టాలి.

మొదటి ఏడాది నేనూ అదే చేశాను. చివరి బెంచీలో ఒక అమ్మాయి ఏ చెయ్యీ ఎత్తకుండా పుస్తకాలు సర్దుకొని బయటికి వెళ్లిపోయింది. కారణం నేను అడగలేదు, అడగకూడదు కూడా. అప్పటి నుంచి పేరు రాయని చీటీలే తీసుకుంటున్నాను. క్రితంసారి ఒక చీటీలో ఇలా ఉంది: "మా అక్కను ఆసుపత్రిలో భర్తను పిలుచుకు రమ్మని వెనక్కి పంపారు. సెక్షన్ నంబరు చెప్పండి సార్." బోర్డు మీద 3(4)(బి) అని రాసి పాఠం మొదలుపెట్టాను.