బంగారం పేరు చెప్పే మెషిన్ లేదు: మెటల్ డిటెక్టర్లపై అపోహలు, వాస్తవాలు

పోయిన సోమవారం పొద్దున షాపు షట్టర్ ఎత్తడానికి వెళ్లేసరికి మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. వినుకొండ అవతలి ఊరు, మొదటి బస్సుకే బయల్దేరి వచ్చారట. ఒళ్లో తువ్వాలు చుట్టిన పెట్టె. "బాబూ, దీనికి సెట్టింగ్ కుదరటం లేదు. బెజవాడ గవర్నర్‌పేటలో ఇలాంటివి బాగుచేసే అబ్బాయి ఉన్నాడంటే వచ్చాను. కొంచెం చూసి పెట్టు" అన్నారు.

తువ్వాలు విప్పితే పిస్తోలు ఆకారంలో ఒక ప్లాస్టిక్ పిడి, దానికి ముందు సాగదీసే యాంటెన్నాలు రెండు, పైన బంగారం, వెండి, వజ్రం అని మూడు బటన్లు. చూడగానే నాకు అర్థమైంది. అయినా ఆయన కళ్లముందే నాలుగు స్క్రూలు విప్పాను. లోపల ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక బజర్, రెండు చిన్న లైట్లు. యాంటెన్నా నుంచి వచ్చిన తీగ ఏ బోర్డుకూ వెళ్లలేదు, దాని కొసను జిగురుతో డబ్బా గోడకు అంటించారు. మూడు బటన్లూ ఒకే తీగకు కలిసి ఉన్నాయి. ఏది నొక్కినా మోగేది ఆ ఒక్క బజరే.

దానికి ఆయన ఇచ్చింది రెండు లక్షల నలభై వేలు. ఇంట్లో వాళ్ల గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు.

పదిహేనేళ్లుగా మెటల్ డిటెక్టర్లు అమ్ముతున్నాను, బాగుచేస్తున్నాను. పోయిన నగలు వెతికి పెట్టడానికి ఊళ్లకు కూడా వెళ్తుంటాను. ఇలాంటి పెట్టెలు నా బల్ల మీదకు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కలేదు. ప్రతిసారీ ఒక్కరికే చెప్పి పంపిస్తున్నాను. ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను.

అపోహ: బంగారాన్ని మాత్రమే చూపించే మెషిన్ ఉంది.

లేదు. తక్కువ ధరలో లేదు, ఎక్కువ ధరలో లేదు, విదేశాల్లోనూ లేదు. మీరు ఇంకేం చదవకపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

డిటెక్టర్ చేసే పని చెబుతాను. కింద ఉన్న కాయిల్, అంటే తీగ చుట్ట, మట్టిలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. అక్కడ లోహం ఉంటే అందులో చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. ఆ సుడుల జవాబు కాయిల్‌కు తిరిగి అందుతుంది. ఆ జవాబు ఎంత బలంగా ఉంది, ఎంత ఆలస్యంగా వచ్చింది, మెషిన్‌కు తెలిసేది ఈ రెండే. స్క్రీన్ మీద కనిపించే నంబరు అందులోంచి వచ్చిందే. వస్తువు సైజు, ఆకారం, అందులో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుంది అన్నవి కలిసి ఆ నంబరు అవుతుంది. మీరు వాడేసి పారేసిన టాబ్లెట్ స్ట్రిప్ ముక్క, ఒక సన్నటి ఉంగరం, కూల్‌డ్రింక్ టిన్ను మీద లాగేసే రింగు, ఇవన్నీ చాలాసార్లు పక్కపక్క నంబర్లే చూపిస్తాయి. షాపులో ఎవరైనా నమ్మకపోతే టాబ్లెట్ స్ట్రిప్ కత్తిరించి, నా ఉంగరం పక్కన పెట్టి చూపిస్తాను. స్క్రీన్ మీద 'గోల్డ్' అని రాసున్నా దాని అర్థం 'ఈ నంబర్ల మధ్య బంగారం కూడా ఉండొచ్చు' అని మాత్రమే.

ఇక అర కిలోమీటరు దూరం నుంచి బంగారం వైపు తిరిగే యాంటెన్నాల సంగతి. భూమిలో పాతిన బంగారం ఏళ్ల తరబడి ఆవిరి వదులుతుందని, ఆ ఆవిరిని ఈ పెట్టె పట్టుకుంటుందని చెబుతారు. బంగారం కరగాలంటేనే 1064 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తుప్పు పట్టదు, మట్టితో కలవదు. మనం దాన్ని అంత విలువగా చూసేదే అందుకు. అలాంటిది పొలంలో పడి ఉండి ఆవిరి ఎలా వదులుతుంది? యాంటెన్నా తిరగడం మాత్రం నిజంగానే తిరుగుతుంది. పట్టుకున్న మణికట్టు మనకు తెలియకుండానే వెంట్రుకవాసి వంగుతుంది, బరువు లేని యాంటెన్నా అటు జారుతుంది. ఎటు బంగారం ఉందని మనసులో ఉంటే అటే జారుతుంది. పట్టుకున్నవాళ్లు అబద్ధం చెప్పరు, వాళ్లు కూడా నిజంగానే నమ్ముతారు.

చదువుకున్నవాళ్లు కూడా ఇలా మోసపోయారు. బ్రిటన్‌లో జేమ్స్ మెక్‌కార్మిక్ అనే వ్యక్తి ఇలాంటి తిరిగే యాంటెన్నా పెట్టెనే ఏడీఈ 651 అని పేరు పెట్టి, బాంబులు కనిపెడుతుందని ఇరాక్‌కు అమ్మాడు. అక్కడ చెక్‌పోస్టుల్లో పోలీసులు దాన్నే నమ్ముకుని బండ్లు వదిలేశారు. 2013లో లండన్ కోర్టు అతనికి పదేళ్ల జైలు శిక్ష వేసింది. ప్రభుత్వాలే నమ్మినప్పుడు మన పల్నాడు రైతు నమ్మాడంటే ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. అమ్మినవాడిని పట్టుకోవాలి.

అపోహ: మంచి మెషిన్ అయితే ముప్పై అడుగుల లోతు చూస్తుంది.

రూపాయి బిళ్ల సైజు వస్తువైతే మామూలు మెషిన్‌కు ఎనిమిది, పది అంగుళాలు. బియ్యపు గింజంత బంగారమైతే, అది కూడా బంగారం కోసమే తయారైన మెషిన్ అయితే, రెండు మూడు అంగుళాలు. బిందె అంత పెద్ద లోహం అయితే పెద్ద కాయిల్‌తో మూడు నాలుగు అడుగులు. ఎందుకింత తక్కువంటే, చిన్న వస్తువు కాయిల్‌కు రెట్టింపు దూరం వెళ్తే దాని జవాబు సగం కాదు, దాదాపు 64వ వంతుకు పడిపోతుంది. ఎంత డబ్బు పెట్టినా ఈ లెక్క మారదు.

అపోహ: వీడియోల్లో ఆస్ట్రేలియా వాళ్లకు దొరికినట్టే మనకూ ముద్దలు దొరుకుతాయి.

అక్కడ దొరకడం నిజమే. 1980లో విక్టోరియా రాష్ట్రంలోని కింగోవర్ దగ్గర ఒకాయన మెటల్ డిటెక్టర్‌తోనే 27 కిలోల పైచిలుకు బంగారు ముద్ద తీశారు. అదీ నేలకు చాలా దగ్గరలోనే. ఆ నేల తీరే వేరు. రాయిలోంచి విడిపోయిన బంగారం అక్కడ పైమట్టిలో ముద్దలుగా మిగిలింది.

మన రాష్ట్రంలో బంగారం లేదని కాదు. రామగిరి, జొన్నగిరి, చిత్తూరు వైపు చిగురుగుంట, ఇవన్నీ బంగారు గనుల పేర్లే. కానీ అక్కడ బంగారం రాతిలో కంటికి కనిపించని నలుసులుగా ఉంటుంది. టన్ను రాయి పిండి చేస్తే కొన్ని గ్రాములు. ఆ రాయి మీద ఎంత ఖరీదైన డిటెక్టర్ ఆడించినా పలకదు. కృష్ణ ఇసుకలో మెరిసే పొడిని చూసి మెషిన్ కొనడానికి వచ్చేవాళ్లు నెలకు ఇద్దరైనా ఉంటారు. ఆ మెరుపు ఎక్కువగా అభ్రకం. ఒకవేళ పొడి బంగారమే ఉన్నా దానికి కావలసింది పళ్లెంలో పోసి నీళ్లతో కడిగే ఓపిక, డిటెక్టర్ కాదు. ఇంకొందరు కొల్లూరు వజ్రాల గురించి అడుగుతారు. ఆ పాత గనులు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉన్నాయి. అవి పైకి తేలినా వజ్రం లోహం కాదు, మెషిన్‌కు కనిపించదు.

కాబట్టి గుంటూరు, విజయవాడల్లో తక్కువ ధర డిటెక్టర్ కొనేవాళ్లకు నేను నిజాయితీగా చెప్పగలిగేది ఒకటే. ఇది పోయిన నగలు వెతకడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ముడి బంగారం కోసమైతే, అది ముద్దలుగా దొరికే నేల ఉండాలి, అనుమతి ఉండాలి. అవి రెండూ లేకుండా మెషిన్ ఒక్కటి కొంటే మిగిలేది టెన్షనే.

సరే, కొనాలనే అనుకున్నారు. దేన్ని చూడాలి? ముందు ఫ్రీక్వెన్సీ, అంటే కాయిల్ పంపే క్షేత్రం సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్నది. గారెట్ ఏస్ 300 లాంటి మామూలు మెషిన్ 8 కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. బిళ్లలు, గాజులు, లావుపాటి ఉంగరాలకు బాగుంటుంది. మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 అయితే 45 కిలోహెర్ట్జ్, ఫిషర్ గోల్డ్ బగ్ 2 అయితే 71 కిలోహెర్ట్జ్. చిన్న బంగారం ఎక్కువ ఫ్రీక్వెన్సీకే పలుకుతుంది. బడ్జెట్ అంత రాకపోతే కనీసం గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల ఇచ్చే జవాబును మెషిన్ పట్టించుకోకుండా చేసే సెట్టింగ్) మన చేత్తో మార్చుకోగలిగే మెషిన్ తీసుకోండి, దానికి చిన్న కాయిల్ దొరుకుతుందో లేదో అడగండి. స్క్రీన్ మీద రంగులు, బొమ్మలు ఎన్ని ఉన్నాయన్నది పట్టించుకోవద్దు.

కొనేముందు మీ ఇంట్లోంచి ఒక ముక్కుపుడక తీసుకెళ్లండి. మేకులు లేని ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి, చేతి ఉంగరం, వాచీ తీసేసి, కాయిల్‌ను పైనుంచి మెల్లగా ఆడించండి. నా దగ్గర ఉన్న 8 కిలోహెర్ట్జ్ మెషిన్ కాయిల్ దాదాపు ముక్కుపుడకను తాకే దాకా నోరు విప్పదు. 45 ఉన్నది మూడు అంగుళాల పైనుంచే సన్నగా పలుకుతుంది. ఈ పరీక్షకు ఒప్పుకోని షాపులో కొనవద్దు.

అపోహ: సెన్సిటివిటీ ఫుల్లుగా పెడితే ఎక్కువ దొరుకుతుంది.

బాగుచేయమని నా దగ్గరకు వచ్చే మెషిన్లలో చాలావాటికి రోగమేమీ ఉండదు. ఫుల్లుగా పెట్టి, గోల చేస్తోందని తెస్తారు. నేల కూడా మెషిన్‌కు జవాబిస్తుంది. పల్నాడు ఎర్ర నేలలో ఇనుము ఎక్కువ. కాలిన ఇటుక ముక్క లోహంలాగే పలుకుతుంది. సూర్యలంక బీచ్‌లో ఉప్పు నీటితో తడిసిన ఇసుక కూడా పలుకుతుంది. అందుకని ముందు గ్రౌండ్ బ్యాలెన్స్ చేయాలి. లోహం ఏమీ లేని చోట నిలబడి కాయిల్‌ను ఆరంగుళాల ఎత్తు నుంచి అంగుళం దాకా దించుతూ ఎత్తుతూ ఉండండి. దించినప్పుడు శబ్దం పెరగకుండా, తగ్గకుండా నిలకడగా ఉండేదాకా గ్రౌండ్ బ్యాలెన్స్ సెట్టింగ్ మార్చుతూ ఉండండి. నేల రంగు మారిన ప్రతిసారీ మళ్లీ చేయాలి. తర్వాత సెన్సిటివిటీని మెషిన్ నిశ్శబ్దంగా ఉండే దాకా తగ్గించండి. కాయిల్ వైరు రాడ్డుకు బిగుతుగా చుట్టి ఉండాలి, వదులుగా ఊగితే అదే మోగిస్తుంది. కరెంటు లైన్ల కిందా, ఫోన్ జేబులో పెట్టుకునీ వెతకవద్దు.

రెండేళ్ల కింద వేసవిలో ప్రత్తిపాడు వైపు ఒక మిరప కళ్ళానికి పిలిచారు. కాయలు ఏరే ఒకావిడ మెడలో గొలుసు ఎక్కడో తెగిపోయింది. పుస్తెలు కూడా దానికే ఉన్నాయి. పొద్దుటి నుంచీ అన్నం ముట్టలేదట. కూలీలందరూ చేతులతో మట్టి కెలికేసి ఉన్నారు. ఆవిడ నన్ను చూసి "అన్నా, గొలుసు పోతే పోనీ, పుస్తెలు మాత్రం చూపించన్నా" అంది. ఆ ఘాటుకు నాకు తుమ్ములు ఆగటం లేదు. కళ్ళం అంతా తాడు కట్టి వరసలుగా విడగొట్టి, కాయిల్‌ను నేలకు అంగుళం పైన ఉంచి, వరస మీద వరస వచ్చేలా ఆడించాను. గంటలోపే ఒక పుస్తె, దానికి జానెడు అవతల రెండోది పలికాయి. ఆవిడ ఆ మట్టి చేతులతోనే వాటిని కళ్లకద్దుకుని కింద కూర్చుండిపోయింది.

గొలుసు మాత్రం సాయంత్రం దాకా పలకలేదు. నేను రెండుసార్లు దాని మీదుగానే కాయిల్ తిప్పానని తర్వాత తెలిసింది. సన్నటి గొలుసు మెషిన్‌కు ఒక వస్తువుగా కనిపించదు, దేనికది విడి లంకెలుగా కనిపిస్తుంది. ఒక్కో లంకె మరీ చిన్నది. చివరికి పలికింది కొక్కెం ఒక్కటే, అది కూడా డిస్క్రిమినేషన్ (ఇనుము లాంటి చెత్త లోహాలకు మోగకుండా ఆపే సెట్టింగ్) పూర్తిగా తీసేశాక. తూకంలో పుస్తెల కంటే గొలుసే ఎన్నో రెట్లు బరువు. అందుకే చెబుతున్నాను, చిన్న బంగారం వెతికేటప్పుడు డిస్క్రిమినేషన్ వాడకండి, పలికిన ప్రతిచోటా తవ్వండి. ఇనుము ఉన్న నేలలో చిన్న బంగారం కూడా ఇనుము నంబరే చూపించవచ్చు.

మిగతావి త్వరగా. వాన పడ్డాక మెషిన్ ఎక్కువ లోతు చూస్తుందా? కొన్ని నేలల్లో కొద్దిగా తేడా ఉంటుంది, దాని కోసం ఎదురుచూడక్కర్లేదు. అమావాస్య రాత్రి బాగా పలుకుతుందా? పలకదు, చీకట్లో తేళ్లు కుడతాయి. పెద్ద కాయిల్ మంచిదా? పెద్ద వస్తువుకు మంచిది, ముక్కుపుడకకు కాదు.

అపోహ: సొంత పొలంలో దొరికితే నాదే.

1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాచిన సొత్తు పది రూపాయల విలువ దాటితే దొరికినవాళ్లు కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. ఉండవల్లి గుహలు, అమరావతి స్తూపం లాంటి రక్షిత ప్రాంతాల్లో తవ్వడం నేరం. ముడి బంగారం కోసం నేలలో అన్వేషణ చేయాలంటే 1957 గనుల చట్టం కింద అనుమతి కావాలి. గుప్త నిధుల కోసం అని నోటితో చెప్పినవాళ్లకు నేను మెషిన్ అమ్మను. పాత గుడి పక్కన తవ్వుతూ పట్టుబడిన కుర్రాడి తల్లి నా షాపు ముందు నిలబడి ఏడ్చిన రోజు నుంచి అమ్మడం మానేశాను.

ఆ పెద్దాయన విషయానికొస్తే, డబ్బులో సగం ఫోన్‌లోనే పంపారట. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. ఊళ్లో స్టేషన్లో ఇవ్వడానికి ఫిర్యాదు కాగితం నేనే రాశాను. "మా అబ్బాయికి మాత్రం తెలియనివ్వకు బాబూ" అన్నారు. "ముందు చెప్పాల్సింది మీ అబ్బాయికే బాబాయ్ గారూ, స్టేషన్‌కు మీరొక్కరే వెళ్లొద్దు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి నంబరు కలపమని నాకే ఇచ్చారు. అబ్బాయి మధ్యాహ్నం బండి మీద వచ్చాడు. పెట్టె స్క్రూలు మళ్లీ బిగించలేదు. జిగురుతో గోడకు అంటించిన ఆ తీగ కనిపించేలా ఫొటోలు తీసి, పెట్టెను తెరిచినది తెరిచినట్టే కవర్లో పెట్టి అతని చేతికిచ్చాను.