పూడిన పైపులో కాస్టిక్ సోడా ఏం చేస్తుంది?

వంటింటి సింకులో నీళ్లు దిగకుండా నిలిచిపోగానే చాలా ఇళ్లలో మొదట గుర్తుకు వచ్చేది కిరాణా కొట్టులో దొరికే డ్రెయిన్ క్లీనర్ పొట్లం, లేకపోతే బాత్రూము మూలన ఉంచిన యాసిడ్ సీసా. పొడి పోసి, కాసిని నీళ్లు వంపి, అరగంట ఆగితే చాలునని అందరి నమ్మకం. అప్పుడప్పుడు పని జరుగుతుంది కూడా. అయితే పని జరగనప్పుడు ఏమవుతుందో ముందుగా ఆలోచించేవారు తక్కువ, అసలు ప్రమాదం మొదలయ్యేది మాత్రం అక్కడే. అంతవరకు మామూలు మురికినీరుగా ఉన్నది, చూడటానికి పెద్దగా తేడా లేకుండానే, చర్మాన్నీ కంటినీ కాల్చే ద్రవంగా మారి అదే సింకులో నిలిచి ఉంటుంది. ఆ తరువాత అందులో చేయి పెట్టేది చాలాసార్లు పొడి పోసినవారు కాదు. కబురు పెడితే వచ్చిన ప్లంబరో, పొద్దున్నే గిన్నెలు తోమడానికి వచ్చిన ఆమో, ఏమీ తెలియని పిల్లవాడో.

పొడి రూపంలో అమ్మే డ్రెయిన్ క్లీనర్లలో చాలావాటికి ప్రాణం కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్ అనే బలమైన క్షారం. ఇది నీటిలో కరిగేటప్పుడే విపరీతమైన వేడిని విడుదల చేస్తుంది. 40 గ్రాములు కరిగితే వెలువడే వేడి సుమారు 44 కిలోజౌళ్లు. ఒక చిన్న పొట్లానికి సరిపడే 50 గ్రాముల కాస్టిక్ సోడా ఒక గ్లాసుడు నీళ్లలో, అంటే 200 మిల్లీలీటర్లలో, ఒక్కసారిగా కరిగితే ఆ నీటి ఉష్ణోగ్రత దాదాపు 60 డిగ్రీలు పెరుగుతుందని లెక్క కట్టవచ్చు. 30 డిగ్రీల వద్ద ఉన్న నీరు 90 డిగ్రీల దాకా వెళుతుందన్నమాట. కొన్ని రకాల పొడుల్లో అల్యూమినియం తునకలు కూడా కలుపుతారు. అవి కాస్టిక్ సోడా ద్రావణంతో చర్య జరిపి మరింత వేడినీ, మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువునూ పుట్టిస్తాయి. ఆ బుడగలు పూడికను కదిలిస్తాయన్నది తయారీదారుల ఉద్దేశం. కానీ ఇరుకు పైపులో వేడి ఒకచోట పోగుపడి నీరు మరిగితే, ఆవిరీ క్షారమూ కలిసి తెరిచి ఉన్న ఒకే ఒక్క దారిలో, అంటే వంగి చూస్తున్న మనిషి ముఖం వైపు, చిమ్ముతాయి.

కాస్టిక్ సోడాకు రెండు పనులు బాగా చేతనవును. నూనె, నెయ్యి వంటి కొవ్వులతో కలిసి వాటిని సబ్బుగానూ గ్లిసరిన్‌గానూ విడగొడుతుంది. సబ్బు తయారీలో జరిగేదీ ఇదే చర్య. రెండోది, వెంట్రుకలలోని కెరటిన్ అనే మాంసకృత్తును ఛేదించి మెత్తబరుస్తుంది. మన ఇళ్ల పైపుల్లో చేరేవి ఈ రెండే అయితే బాగానే ఉండేది. వంటింటి సింకులోకి అన్నం మెతుకులు, గంజి, చింతపండు పిప్పి, దోసెపిండి, టీ పొడి, స్టీలు పీచు ముక్కలు, పాల ప్యాకెట్టు నుంచి కత్తిరించిన ప్లాస్టిక్ మూల చేరుతాయి. స్నానాల గదిలోకి వెంట్రుకలతో పాటు కుంకుడుకాయ పిప్పి, షాంపూ ప్యాకెట్టు చింపిన ముక్క వెళతాయి. పీచు, పిప్పి, ప్లాస్టిక్, స్టీలు వీటిలో ఏదీ గంటో రెండు గంటలో క్షారంలో నానినంత మాత్రాన కరిగిపోదు.

అన్నం సంగతి మరీ ఆసక్తికరమైనది. బియ్యం ఎంత వేడికి ఉడుకుతుందో అంచనా వేయడానికి వరి శాస్త్రవేత్తలు బియ్యపు గింజలను 1.7 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ (ఇదీ కాస్టిక్ సోడా లాంటి క్షారమే) ద్రావణంలో 23 గంటలు ఉంచి చూస్తారు. రకాన్ని బట్టి కొన్ని గింజలు కదలకుండా ఉంటాయి, కొన్ని ఉబ్బి అంచులు విచ్చుకుంటాయి, కొన్ని పూర్తిగా జావలా పరుచుకుంటాయి. క్షారం పిండి పదార్థాన్ని మాయం చేయదు, ఉబ్బించి జిగురుగా మారుస్తుంది. సింకు పైపులో ఉన్న మెతుకుల మీద కాస్టిక్ సోడా పోసినప్పుడు జరిగేది కూడా అదే కోవలోనిది. ఆ జిగురు కదిలి పోనూవచ్చు, మరికొంత దూరంలో ఇంకా గట్టిగా పట్టుకోనూవచ్చు. దీనికి తోడు బోరు నీటి కాఠిన్యం ఉంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న నీటిలో సబ్బు కరగని తెట్టుగా మారుతుందని బట్టలు ఉతికినవారందరికీ తెలుసు. కొవ్వు నుంచి కాస్టిక్ సోడా తయారు చేసిన సబ్బు కూడా అలాంటి నీరు తగిలితే తెట్టుగా మారి పైపు గోడలకు అంటుకుంటుంది. ఇక పొడి ఎక్కువై నీరు తక్కువైతే ఆ పొడే పైపు వంపులో గడ్డకట్టి రాయిలా కూర్చుంటుంది. అప్పుడు పాత పూడికకు కొత్త పూడిక తోడైనట్టే.

పైపుల మాట కూడా చెప్పాలి. ఇప్పటి ఇళ్లలో మురుగు గొట్టాలు చాలావరకు పీవీసీవే. పీవీసీ కాస్టిక్ సోడాను తట్టుకుంటుంది కానీ వేడిని అంతగా తట్టుకోదు. 60 డిగ్రీలు దాటిన వేడి దానికి సరిపడదు, 80 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. అందుకే సింకులో సలసల కాగే నీళ్లు పోయమనే సలహాను కూడా నేను సమర్థించను. వేడి నీళ్లు మేలే, అయితే చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే చాలు, మరగవలసిన పని లేదు.

శరీరానికి జరిగే హాని దగ్గర ఇంకాస్త ఆగుదాం. యాసిడ్ అంటే అందరికీ భయం ఉంది, క్షారం అంటే అంత భయం లేదు. ఈ అలవాటు తప్పు. బలమైన ఆమ్లం చర్మానికి తగిలినప్పుడు అక్కడి మాంసకృత్తులు గడ్డకట్టి ఒక పొరలా ఏర్పడతాయి, ఆ పొర ఆమ్లం మరింత లోతుకు పోకుండా కొంతవరకు అడ్డుకుంటుంది. క్షారం అలా కాదు. కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మారుస్తూ, మాంసకృత్తులను కరిగిస్తూ లోపలికి తొలుచుకుపోతుంది. మొదటి క్షణాల్లో నొప్పి కూడా అంతగా తెలియకపోవచ్చు, వేలికి జారుడుగా మాత్రమే అనిపిస్తుంది. తాంబూలంలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుందని మనకు తెలుసు. ఆ సున్నమూ క్షారమే, కానీ నీటిలో చాలా కొద్దిగానే కరుగుతుంది, కాస్టిక్ సోడా దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కరుగుతుంది.

గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఛెవాలియర్ జాక్సన్ అనే గొంతు వైద్యుడు ఉండేవారు. ఇళ్లలో శుభ్రత కోసం ఉంచిన కాస్టిక్ పొడిని పంచదార అనుకుని నోట్లో వేసుకున్న చిన్నపిల్లలు ఆయన దగ్గరికి వచ్చేవారు. కాలిన అన్నవాహిక మానేటప్పుడు మచ్చకట్టి ముడుచుకుపోతుంది. ఆ పిల్లలు బతికి ఉండి కూడా గుక్కెడు నీళ్లు మింగలేకపోయేవారు. ముడుచుకున్న ఆ దారిని పరికరాలతో కొద్దికొద్దిగా వెడల్పు చేయడం ఆయన వైద్యం. అయితే వైద్యంతోనే తన బాధ్యత తీరిపోయిందని ఆయన అనుకోలేదు. అలాంటి పొట్లాల మీద విషమని స్పష్టంగా ముద్రించాలని ఏళ్ల తరబడి పోరాడారు, 1927లో అమెరికా చట్టసభ అందుకోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. పొట్లం మీద ఒక్క మాట ముద్రించడానికి అంత కాలం పట్టింది. మన దగ్గర ఈనాటికీ ఎందరో పొట్లం వెనుక సన్నని అక్షరాల్లో ఉన్న హెచ్చరికను చదవరు, చదవబోయినా అది తరచుగా వాళ్లకు రాని భాషలో ఉంటుంది.

కంటి విషయంలో హైదరాబాదుకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు కంటిపాపకు ముందున్న పారదర్శక పొరను నిత్యం కొత్తగా ఉంచుతాయి. క్షారం పడి ఆ కణాలు చచ్చిపోతే ఆ పొర తెల్లబడి చూపు పోతుంది. ఆరోగ్యంగా ఉన్న రెండో కంటి నుంచి చిన్న ముక్క తీసి, దానిని మరీ చిన్న తునకలుగా చేసి దెబ్బతిన్న కంటి మీద నాటే శస్త్రచికిత్సను ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో వీరేందర్ సంగ్వాన్, ఆయన సహచరులు రూపొందించి 2012లో ప్రకటించారు. గొప్ప పద్ధతి అది, ఎందరికో చూపు తెచ్చింది. కానీ తీసుకోవడానికి రెండో కన్ను బాగుండాలి. సింకు మీదికి వంగిన ముఖానికి చిమ్మినప్పుడు రెండు కళ్లూ కాలే అవకాశం ఉంటుంది.

ఒంటి మీద క్షారమో ఆమ్లమో పడితే చేయవలసింది నీళ్లతో కడగడమే. పొడి రూపంలో పడితే ముందు పొడి గుడ్డతో దులిపి, ఆ తరువాత ధారగా నీళ్లు పోయాలి. తడిసిన బట్టలు వెంటనే తీసేయాలి. కంట్లో పడితే రెప్పలు విడదీసి పట్టుకుని కనీసం 20 నిమిషాలు ఆపకుండా కడిగి, ఆ తరువాతే ఆసుపత్రికి బయలుదేరాలి, ఎందుకంటే దారిలో పోయే ప్రతి నిమిషంలోనూ క్షారం లోపలికి దిగుతూనే ఉంటుంది. క్షారానికి విరుగుడని నిమ్మరసం పిండకూడదు, ఆ చర్యలో పుట్టే వేడి గాయాన్ని పెంచుతుంది. మింగితే వాంతి చేయించకూడదు. వెళ్లేటప్పుడు కాల్చినది వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. నోరు పుక్కిలింపజేసి, 108కి ఫోన్ చేసి, పొట్లమో సీసానో వెంట తీసుకుని వెళ్లాలి.

పొడి పనిచేయలేదని దాని మీదనే యాసిడ్ పోయడం చాలామంది చేసే రెండో తప్పు. బాత్రూములకు వాడే యాసిడ్ సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది పైపులో నిలిచిన కాస్టిక్ సోడాతో కలిస్తే ఒక్కసారిగా వేడెక్కి చిమ్ముతుంది. అదే ఆమ్లం బ్లీచింగ్ పౌడరుతోనో, సోడియం హైపోక్లోరైట్ ఉన్న ద్రవంతోనో కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలినది ఈ వాయువునే. కిటికీ లేని స్నానాల గదిలో ప్రాణం మీదికి రావడానికి దాని మోతాదు ఎక్కువగా ఉండనక్కరలేదు. యాసిడ్ అమ్మకాలపై సుప్రీంకోర్టు 2013లో ఆంక్షలు పెట్టింది. కొనేవారి వివరాలు రాసుకోవాలి, గుర్తింపు పత్రం చూడాలి, 18 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదు. ఆ తీర్పుకు కారణం వేరు, యాసిడ్ దాడుల బాధితురాలు లక్ష్మి వేసిన వ్యాజ్యం అది. అయినా విడి యాసిడ్‌ను పాత కూల్‌డ్రింకు సీసాలో పోయించుకుని ఇంటికి తెచ్చేవారు ఇది గుర్తుంచుకోవాలి. దాహంతో వచ్చి ఆ సీసా ఎత్తిన మనిషికి లోపల ఉన్నదేమిటో తెలిసే దారి లేదు.

ఇక రసాయనాలు లేకుండా పూడిక తీయడం. పూడిక ఎక్కువగా ఉండేది చేతికి అందేంత దూరంలోనేనని ముందు తెలుసుకుంటే సగం పని అయినట్టే. సింకు కింద సీసాలాగా వేలాడే భాగాన్ని బాటిల్ ట్రాప్ అంటారు. దుర్వాసన రాకుండా నీటిని నిలిపి ఉంచేది అదే, బరువైన చెత్త చేరేదీ అందులోనే. కింద బకెట్టు పెట్టి ఆ గిన్నెను చేత్తో తిప్పి విప్పి, కడిగి, వాషరు సరిగా కూర్చుందో లేదో చూసి తిరిగి బిగిస్తే చాలాసార్లు పని ముగుస్తుంది. స్నానాల గదిలో జాలీ ఎత్తి, కొన వంచిన తీగతోనో, ఇరువైపులా పళ్లున్న ప్లాస్టిక్ పట్టీతోనో వెంట్రుకల ముద్దను పైకి లాగాలి. రోత పుట్టించే పనే, కాదనను. కానీ కరిగించబోయి కిందికి తోసినదానికంటే బయటికి లాగినది నయం, అది మళ్లీ అడ్డుపడదు.

అక్కడా తేలకపోతే ప్లంజర్, అంటే కర్రకు బిగించిన రబ్బరు గిన్నె. దీన్ని చాలామంది తప్పుగా వాడి పనికిరాదని పక్కన పడేస్తారు. గాలి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. మన చేతి బలం పూడిక దాకా చేరాలంటే మధ్యలో నీరే ఉండాలి. అందువల్ల రబ్బరు గిన్నె మునిగేటంత నీరు నింపాలి. సింకు అంచు దగ్గర పొంగు నీరు పోయే రంధ్రం ఉంటే దాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయాలి, పక్కన రెండో తొట్టి ఉంటే దాన్ని కూడా. మూయకపోతే ఒత్తిడంతా ఆ రంధ్రంలోంచి పోతుంది. తోయడం ఎంత ముఖ్యమో పైకి లాగడం అంతకంటే ముఖ్యం, ముందుకీ వెనక్కీ ఊగిన పూడికే పట్టు వదులుతుంది. ముందే రసాయనం పోసిన సింకులో మాత్రం ప్లంజర్ ముట్టుకోకూడదు. ఇంకా లోపల ఉన్నదానికి ప్లంబర్లు వాడే స్ప్రింగు తీగ ఉంది; పైపులోకి దూర్చి తిప్పుతూ పోతే కొన పూడికలో గుచ్చుకుని దాన్ని చీలుస్తుంది, లేదా వెంట తెస్తుంది.

జిడ్డు వల్ల నీరు నెమ్మదించినప్పుడు గిన్నెలు తోమే ద్రవం కాస్త పోసి, పైన చెప్పిన పాటి వేడి నీళ్లు పోయవచ్చు. ఒట్టి వేడినీళ్లయితే నెయ్యీ డాల్డా కరిగి, పైపు చల్లగా ఉన్న తరువాతి చోట మళ్లీ పేరుకుంటాయి. ఆ ద్రవం జిడ్డును నీటితో కలిపి ముందుకు తీసుకుపోతుంది. వంటసోడా, వెనిగర్ కలిపి పోయమనే చిట్కా ఎంత ప్రచారంలో ఉన్నా దాని మీద నాకు నమ్మకం లేదు. ఆ రెండూ కలిసి ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. మిగిలేది కాస్త సోడియం ఎసిటేట్ ఉన్న నీరు, పైకి పోయే కార్బన్ డయాక్సైడ్ బుడగలు. హాని లేదు, అంతే. ఎంజైములూ బ్యాక్టీరియా ఉన్న పొడులు మెల్లగా పనిచేస్తాయి. పూర్తిగా మూసుకున్న పైపుకు కాదు కానీ, పేరుకోవడం మొదలైన జిడ్డుకు రాత్రి పోసి వదిలేయడానికి పనికివస్తాయి, సెప్టిక్ ట్యాంకులోని సూక్ష్మజీవులకూ చేటు చేయవు. పండుగ పిండివంటలయ్యాక మూకుడును పాత వార్తాపత్రికతో తుడిచి ఆపైన కడిగితే ఈ జిడ్డులో చాలా భాగం పైపు దాకా రానే రాదు.

సింకు, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ ఒకేసారి నెమ్మదిస్తే పూడిక ఇంటి బయట ఛాంబరులోనో, అంతకు అవతలి మురుగు లైనులోనో ఉందని అర్థం. అక్కడిదాకా ఏ పొడీ బలంగా చేరదు, చేరినా దాన్ని ఎదుర్కొనేది మూత తెరిచే కార్మికుడు. పైగా మురుగులో పోగుపడిన సల్ఫైడ్లకు ఆమ్లం తగిలితే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది. ఎవరిని పిలిచినా, అప్పటికే ఏదైనా పోసి ఉంటే, ఏం పోశారో, ఎంత పోశారో, ఎప్పుడు పోశారో వాళ్లు పైపు మీద చేయి వేయకముందే చెప్పి, పొట్లం చూపించాలి.