టైటానియం డయాక్సైడ్ పొడితో రంగునీళ్ల శుద్ధి: అపోహలు - వాస్తవాలు

ఈ పొడిని రంగునీళ్లలో కలిపి వెలుగు పడేలా చేస్తే, అది రంగు అణువులను విరగ్గొడుతుంది. ఈ పద్ధతి చుట్టూ ఉన్న అపోహలు ఇవి.

అపోహ: రంగు పోయిందంటే నీళ్లు శుభ్రమైనట్టే.

వాస్తవం: ఈ రంగంలో ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ల్యాబు పరీక్షల్లో వాడే మిథిలీన్ బ్లూ అనే రంగు నీలం మూడు రకాలుగా మాయమవుతుంది. మొదటిది, రంగు వెళ్లి పొడికి అంటుకోవడం. అందుకే దీపం వేసేముందు చీకట్లో 30 నిమిషాలు కలియబెట్టి, అప్పటి రీడింగునే (నీళ్లు ఎంత కాంతిని పీల్చుతున్నాయన్న కొలత) సున్నా నిమిషంగా తీసుకోవాలి. రెండోది, ఆక్సిజన్ చాలక రంగులేని ల్యూకో రూపంలోకి మారడం. నమూనాను పరీక్షనాళికలో పోసి, గాలి తగిలేలా బాగా కుదిపి చూడండి. నీలం తిరిగొస్తే అసలేమీ విరగలేదన్నమాట. మూడోదే నిజమైన విచ్ఛిత్తి. అందులోనూ 664 నానోమీటర్ల శిఖరం (ఈ నీలం కాంతిని అత్యధికంగా పీల్చే చోటు) పడిపోయాక రంగులేని ముక్కలు మిగులుతాయి, వాటిలో కొన్ని అసలు రంగుకన్నా విషపూరితం కావచ్చు. మొత్తం సేంద్రియ కార్బన్ కొలవకుండా ‘శుద్ధి’ అని రాయకూడదు.

రీడింగులో ఇంకో చిక్కు: సెంట్రిఫ్యూజ్ చేశాక (వేగంగా తిప్పి పొడిని వేరుచేశాక) కూడా మిగిలిన పొడి కాంతిని చెదరగొడుతుంది. 800 నానోమీటర్ల దగ్గర మిథిలీన్ బ్లూ కాంతిని పీల్చదు. అక్కడ సున్నా రాకపోతే మళ్లీ తిప్పాలి.

అపోహ: మామూలు వెలుగు చాలు.

వాస్తవం: ఈ పొడిలో అనటేజ్ అనే స్ఫటిక రకానికి దాదాపు 387 నానోమీటర్లకన్నా పొట్టి తరంగాలు కావాలి. నేలకు చేరే ఎండలో అలాంటివి సుమారు 5 శాతమే. తెల్ల ఎల్ఈడీ కింద రంగు తగ్గితే, రంగే వెలుగును పీల్చుకుని ఎలక్ట్రాన్లను పొడికి ఇచ్చి ఉండొచ్చు. రంగులేని ఫినాల్‌తో పరీక్షిస్తేనే తేలుతుంది. పొడి వేయకుండా ఒక పాత్రను కూడా అదే వెలుగులో పెట్టాలి.

అపోహ: పొడి ఎంత ఎక్కువైతే అంత వేగం.

వాస్తవం: సాధారణంగా లీటరుకు 0.5 నుంచి 1 గ్రాము సరిపోతుంది. మించితే నీళ్లు పాలలా తెల్లబడి, వెలుగు లోపలికి దిగదు.

అపోహ: ల్యాబులో పనిచేసింది అద్దకం నీళ్లకూ పనిచేస్తుంది.

వాస్తవం: నూలుకు రియాక్టివ్ రంగులు వేసిన నీళ్లలో ఉప్పు, సోడా యాష్ దండిగా ఉంటాయి, పీహెచ్ 10 దాటుతుంది. వాటిలోని కార్బనేట్, క్లోరైడ్‌లు హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను (వెలుగు పడ్డప్పుడు పొడి దగ్గర పుట్టి రంగును విరగ్గొట్టే చురుకైన కణాలు) మింగేస్తాయి. పైగా పీహెచ్ 6.5 దాటితే పొడి ఉపరితలానికి రుణావేశం వస్తుంది. ఈ రంగులదీ రుణావేశమే, కాబట్టి దగ్గరికే రావు. ముందు ఆమ్లంతో పీహెచ్‌ను 4-5కు దించి, గాలి ఊది, కార్బనేట్ నుంచి పుట్టే కార్బన్ డయాక్సైడ్‌ను వెళ్లగొట్టి, ఆ తర్వాత పొడి వేయాలి. ఈ దశలో ఈ పొడికి బదులు జింక్ ఆక్సైడ్ వాడొద్దు: ఆమ్లంలో కరిగి జింక్ నీళ్లలో కలుస్తుంది. చిక్కటి రంగుతొట్టి నీళ్లను నేరుగా పోయడం కూడా వృథా. పటికతోనో, జీవశుద్ధితోనో భారం తగ్గించాకే ఈ దశకు రావాలి. ఉప్పు మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, దానికి వేరే ఏర్పాటు తప్పదు.

పని అయ్యాక పీహెచ్‌ను మళ్లీ 6.5 దగ్గరికి తెస్తే పొడి ఆవేశం కోల్పోయి గుంపులు కట్టి అడుగుకు దిగుతుంది. పైనీటిని వడగట్టి తీసుకోవచ్చు, అడుగు పొడిని కడిగి మళ్లీ వాడుకోవచ్చు.