జెండర్, సాంకేతికత, వలస: మా రంగం గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో ఉంటూ జెండర్ (ఆడవారు ఇలా, మగవారు ఇలా ఉండాలని సమాజం పెట్టే అంచనాలు), సాంకేతికత, వలసల మధ్య సంబంధాన్ని పరిశోధిస్తున్నానని చెబితే, ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పిస్తారా అని అడిగేవారే ఎక్కువ. అందుకే తరచుగా వినిపించే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: సాంకేతికత అంటే కంప్యూటర్లు, ఫోన్లే, పొందూరు రాట్నం హస్తకళ మాత్రమే.

వాస్తవం: పొందూరు సన్నఖాదీకి నూలు తీసే స్త్రీలు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద 100 కౌంటుకు (నూలు సన్నదనానికి కొలత, అంకె పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది) పైబడిన నూలు వడుకుతారు. ఆ దవడలోని సన్నని పళ్ల వరుస పోగు తెగకుండా చెత్తను వేరు చేస్తుందని కనిపెట్టడం, ఎంత ఒత్తిడితో దువ్వాలో వేళ్లకు నేర్పడం నా దృష్టిలో ఇంజనీరింగే. అయినా మగ్గం మీద కూర్చున్నవారిని పనివారుగా, వడికేవారిని ఇంటిపని మధ్య తీరిక వేళ గడుపుకునేవారుగా చూసే అలవాటు పోలేదు. ఇది మన జిల్లాకే పరిమితమైన జబ్బు కాదు. అమెరికాలో 1946లో లోకానికి చూపిన ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ యంత్రానికి ప్రోగ్రాములు సిద్ధం చేసింది ఆరుగురు స్త్రీలు. యంత్రాన్ని నిర్మించిన పురుషుల పేర్లు వెంటనే చరిత్రకెక్కగా, ఆ స్త్రీల పాత్ర దశాబ్దాల తర్వాత గానీ వెలుగులోకి రాలేదు.

అపోహ: ఈ చదువు మగవారికి వ్యతిరేకం.

వాస్తవం: కాదు. గల్ఫ్‌లో కార్మికుల క్యాంపు గదిలో వండుకుని, బట్టలు ఉతుక్కునే, మన జిల్లా ఉద్దానం ప్రాంతపు ఫిట్టరు కూడా మా పరిశోధనాంశమే. సెలవుకు ఇంటికి రాగానే అతను గరిటె ఎందుకు ముట్టడన్నది మాకు చాలా ఇష్టమైన ప్రశ్న.

అపోహ: విమానం ఎక్కినవారికే విదేశంతో సంబంధం ఉంటుంది.

వాస్తవం: పలాస జీడి పరిశ్రమకు ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు దిగుమతి అవుతాయి కాబట్టి, ఊరు దాటని స్త్రీ పొట్టు తీసే పలుకు సముద్రం దాటి వచ్చినదై ఉండవచ్చు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుంది. అక్కడ రాత్రి తొమ్మిదికి భర్త ఫోన్ చేస్తే మన జిల్లాలోని కవిటిలో పదకొండున్నర అవుతుంది. తెల్లవారకముందే లేవవలసిన భార్య నిద్ర అతని షిఫ్టును బట్టి కుదురుతుంది.

అపోహ: స్మార్ట్‌ఫోన్ చేతికొస్తే స్త్రీకి స్వేచ్ఛ వచ్చినట్టే.

వాస్తవం: విదేశంలోని భర్త పంపే డబ్బు, మామగారి ఖాతాకు పోకుండా, ఫోన్ ద్వారా నేరుగా కోడలి ఖాతాకు రావడం చిన్న మార్పు కాదు. కానీ అదే ఫోన్లో, వీడియో తిప్పి ఇంట్లో ఎవరున్నారో చూపించమని భర్త అడగడమూ సులభమైంది. అందుచేత ఫోన్ ఉందా లేదా అన్నదానికంటే, సిమ్ ఎవరి పేరున ఉంది, పిన్ ఎవరికి తెలుసు అన్నవాటినే నేను ముందు గమనిస్తాను.

అపోహ: వలస నిబంధనలు ఆడా మగా అందరికీ ఒకటే.

వాస్తవం: పదో తరగతి పాసు కానివారికి సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వలసకు ముందు తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు ఇస్తారు. దానితో 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. 30 ఏళ్లు నిండని స్త్రీకి, నర్సు వంటి మినహాయింపు లేకపోతే, ఆ అనుమతి దొరకదు. ఈ నిబంధనను రక్షణ కోసమే పెట్టారు. కానీ అవసరం ఆగదు కనుక, విజిట్ వీసాతో పంపిస్తానన్న ఏజెంటు దగ్గరికే ఆమె చేరుతుంది. అలా వెళ్లిన స్త్రీ వివరాలు విదేశీ పనికి వెళ్లేవారిని నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదు కావు. జీతం అందలేదని రాయబార కార్యాలయానికి వెళ్లినా చూపడానికి ఆమె చేతిలో ఒప్పందపత్రం ఉండదు.