టీపాయ్ పేరులో టీ లేదు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో వడ్రంగం నా వృత్తి. టీపాయ్ చేయించుకోవడానికి వచ్చేవారి నోట తరచుగా వినిపించే మాటలివి.

అపోహ: టీ కప్పులు పెట్టుకుంటాం కాబట్టి అది టీపాయ్.

వాస్తవం: ఆ పేరుకు టీతో చుట్టరికం లేదు. హిందీ ‘తీన్’ అంటే మూడు, పారసీ ‘పాయ్’ అంటే కాలు. రెండూ కలిసి తిపాయి. మన ముక్కాలిపీటకూ అర్థం అదే! ఉత్తరాదివారి చార్‌పాయ్ నాలుగు కాళ్ల మంచం. పైజామాలో ఉన్నదీ ఈ ‘పాయ్’ అనే కాలే. తిపాయి కాస్తా ఇంగ్లీషువారి నోట టీపాయ్ అయింది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో ఆ ‘టీ’ని నమ్మి, తేయాకు దాచే కాళ్ల పెట్టెకు ఈ పేరు తగిలించారు. అది పొరపాటని యూల్, బర్నెల్ 1886లోనే తమ ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో స్పష్టంగా రాశారు.

అపోహ: అలాగైతే నాలుగు కాళ్లవాటిని టీపాయ్ అనకూడదు.

వాస్తవం: నిక్షేపంగా అనవచ్చు. సోఫా ముందు వేసే పొట్టి బల్ల అని ఊరంతటికీ తెలుసు. కాళ్లు లెక్కపెట్టి ఎవరినీ దిద్దనక్కరలేదు.

అపోహ: మూడు కాళ్లది నిలకడగా ఉండదు.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధించే మాట ఇదే. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్లలో ఒకటి గాలిలో ఉండిపోతుంది, దాని కింద అట్టముక్క మడిచి పెట్టాల్సిందే. మూడు కాళ్లు మాత్రం ఎలాంటి నేల మీదైనా మూడూ ఆనతాయి. పైన పెట్టిన బరువు మూడు పాదాల నడుమ పడినంతవరకు భయం లేదు. రెండు కాళ్ల మధ్య అంచు మీద బలంగా నొక్కితే మాత్రం ఒరుగుతుంది. అందుకే నేను కాళ్లను బయటికి వాలుగా దింపుతాను. పలకలో బెజ్జాన్ని కూడా అదే వాలులో తొలచాలి. ఉలి కొంచెం నిటారుగా దిగినా కాలు బిగుతుగా కూర్చోదు. ఈ పలకకు నాకు పనస చెక్క ఇష్టం, బొబ్బిలి వీణలు చెక్కేదీ దానితోనే. పసిపిల్లలు అంచు పట్టుకుని లేస్తారు కాబట్టి, వాళ్లున్న ఇంటికి నాలుగు కాళ్లదే మంచిదని చెబుతాను.

అపోహ: కుర్చీ, బీరువా మన మాటలు, టీపాయ్ ఒక్కటే పరాయిది.

వాస్తవం: కుర్చీ అరబ్బీ ‘కుర్సీ’. బీరువాకు మూలం ఫ్రెంచి ‘బ్యూరో’. అల్మారా పోర్చుగీసు మాట. మన సొంత మాటే కావాలంటే పరుపు ఉంది, అది ‘పరచు’ నుంచి పుట్టింది.