జారే చక్రానికి లాకా, బ్రేకా?

దమ్ము చేస్తున్న ట్రాక్టర్ దిగబడినప్పుడు దగ్గరుండి చూడండి. ఒక వెనక చక్రం బురద ఎగజిమ్ముతూ గిర్రున తిరుగుతుంటుంది, రెండోది ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంటుంది. డ్రైవర్ మడమతో, రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించే డిఫరెన్షియల్ లాక్ నొక్కుతాడు. లేదంటే కుడి, ఎడమ చక్రాలకు విడివిడిగా ఉండే బ్రేకుల్లో, తిరుగుతున్న చక్రం వైపుది మెల్లగా తొక్కుతాడు. పాత స్పోర్ట్స్ కారుకు ఇంజిన్ బలం పెంచుకున్నవాళ్లను వేధించే ప్రశ్న కూడా ఇదే: పట్టున్న చక్రానికి ఎక్కువ బలం పంపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్‌ఎస్‌డి) వేయించాలా, చక్రం జారగానే బ్రేకు వేసే లేదా ఇంజిన్ బలం తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ పెట్టించాలా?

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, అంటే డిఫరెన్షియల్ కావాలి. మామూలు డిఫరెన్షియల్ వేగాల్లో తేడాను ఒప్పుకుంటుంది కానీ, టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, మాత్రం రెండు పక్కలా సమానంగానే పంచుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. తడి గడ్డి మీదున్న చక్రం 200 న్యూటన్ మీటర్లకే జారిపోతుందనుకుందాం. పొడి రోడ్డు మీదున్న చక్రానికీ ఆ 200 మాత్రమే అందుతుంది. మొత్తం 400.

ఇప్పుడు టోర్సెన్ లాంటి గేర్ల రకం ఎల్‌ఎస్‌డి వేశామనుకోండి. దాని నిష్పత్తి 3:1 అయితే, అంటే జారే చక్రానికి అందేదానికి మూడు రెట్ల దాకా రెండోదానికి పంపగలిగితే, పట్టున్న చక్రానికి 600 వెళ్తుంది. మొత్తం 800. బ్రేకుతో పనిచేసే ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఈ 800 సాధించగలదు. జారే చక్రాన్ని బ్రేకు 400తో పట్టుకుంటే డిఫరెన్షియల్‌కు ఆ పక్క 600 ఉన్నట్టే లెక్క, కాబట్టి రెండో పక్కకూ 600 ఇస్తుంది. కానీ అందుకోసం ఇరుసుకు 1200 అందాలి. మిగతా 400 బ్రేకు డిస్కులో వేడిగా పోతుంది. ఒకసారి బురదలోంచి బయటపడటానికి అది నష్టమేమీ కాదు. రేస్ ట్రాక్ మీద ప్రతి మలుపులో అదే జరిగితే బ్రేకులు కాగిపోతాయి.

మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5నే తీసుకోండి. 1989లో వచ్చిన ఈ వెనక చక్రాల కారులో యాక్సిలరేటర్‌కు ఉన్నది మామూలు కేబుల్. చాలా కార్లకు ఏబీఎస్ కూడా లేదు. అలాంటి కారుకు ట్రాక్షన్ కంట్రోల్ అంటే మొదట చక్రాలకు వేగం కొలిచే సెన్సార్లు బిగించాలి. వెనక చక్రాలు ముందువాటికంటే మరీ వేగంగా తిరుగుతున్నాయని తెలియగానే కంప్యూటర్ ఇంజిన్ బలం తగ్గించాలి. కేబుల్‌ను అది వెనక్కి లాగలేదు కాబట్టి స్పార్క్ ఆపాలి, లేదా పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను ఒక్కొక్కటిగా ఆపాలి. స్పార్క్ ఆపితే కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. ఇంజెక్టర్ ఆపడమే మేలు. జారుడును పూర్తిగా చంపేయడమూ తప్పే. పొడి రోడ్డు మీద టైరు గరిష్ఠంగా లాగేది సుమారు 10-15 శాతం జారుతున్నప్పుడే.

ఇలా బిగించే వ్యవస్థ చేసేది ఇంజిన్‌ను తగ్గించడమే, పట్టున్న చక్రానికి అదనంగా ఏమీ ఇవ్వదు. అందుకే నా ఓటు ముందు ఎల్‌ఎస్‌డికే. ఫార్ములా వన్‌లో ట్రాక్షన్ కంట్రోల్‌ను 1994లో నిషేధించారు, 2001లో అనుమతించారు, 2008లో మళ్లీ తీసేశారు. ఆ రాకపోకలన్నిటిలోనూ ఎల్‌ఎస్‌డి మాత్రం కార్లలోనే ఉంది.

అయితే ఎల్‌ఎస్‌డితో ఒక ప్రమాదం ఉంది, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. టైరుకున్న పట్టు ఒక్కటే. ముందుకు తోయడానికీ, పక్కకు జారకుండా ఆపడానికీ అదే పంచుకోవాలి. మామూలు డిఫరెన్షియల్‌లో లోపలి చక్రం ఒక్కటే ఊరికే తిరిగిపోతుంది, బయటిది కారు వెనక భాగాన్ని పట్టి ఉంచుతుంది. ఎల్‌ఎస్‌డి ఉన్న కారులో, వానలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే రెండూ కలిసి జారతాయి. ఇక పక్కకు ఆపేవాడే ఉండడు, కారు తోక గిర్రున తిరుగుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ప్రాణం కాపాడేది ఇక్కడ. బలం బాగా పెంచిన కారుకు రెండూ కావాలని నేననేది అందుకే. అరిగిన టైర్ల మీద మాత్రం రెండూ దండగే.

టోర్సెన్‌కు ఇంకో బలహీనత ఉంది. చక్రం గాల్లోకి లేస్తే దాని పట్టు సున్నా, సున్నాకు మూడు రెట్లూ సున్నాయే. కొందరు డ్రైవర్లు అప్పుడు హ్యాండ్‌బ్రేక్ కొద్దిగా లాగి గేర్లకు ఆనుకోవడానికి ఏదో ఒకటి ఇస్తారు, అచ్చం ట్రాక్టర్ డ్రైవర్ లాగే. క్లచ్ ప్లేట్ల రకానికి ఈ బాధ తక్కువ. కాకపోతే ప్లేట్లు అరుగుతాయి, దానికి తగిన ఆయిలే పోయాలి, లేకపోతే పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పినప్పుడల్లా కటకటలాడుతుంది.

ఎంఎక్స్-5 1.6 కారులోకి 1.8 కారు టోర్సెన్ ఎక్కించాలంటే హౌసింగ్, యాక్సిల్ షాఫ్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా మార్చాలి. పాత హౌసింగ్‌లోనే కొత్త ఎల్‌ఎస్‌డి బిగిస్తే మాత్రం పనంతా మెకానిక్ చేతిలో ఉంటుంది. డిఫరెన్షియల్‌ను తిప్పే పెద్ద గేరు క్రౌన్ పళ్లకు రంగు పేస్ట్ పూసి, దానికి ఆనుకున్న చిన్న గేరు పినియన్ తిప్పి, అచ్చు పంటి మధ్యలో పడేదాకా షిమ్‌లు, అంటే పలచటి రేకులు, మారుస్తూ కూర్చోవాలి. అచ్చు అంచుకు పడితే ఆ కారు రోడ్డెక్కిన మొదటి రోజు నుంచే వెనక నుంచి ఊళ పెడుతుంది.