మస్టరు ఫోన్‌లోకి ఎక్కాక

ముఖ హాజరు గొడవ మళ్లీ మొదటికొచ్చింది. ఉపాధి హామీ స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వీబీ జీ రామ్ జీ చట్టం, 125 రోజుల పని హామీతో పాటు బయోమెట్రిక్ ధ్రువీకరణను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. నిన్నటిదాకా సర్క్యులర్లలో, యాప్‌లలో ఉన్నది ఇప్పుడు చట్టంలోకే ఎక్కింది. దొంగ మస్టర్లకు, అంటే తప్పుడు హాజరు పట్టీలకు, ఇదే మందని ఒకరు, మట్టి మోసేవాళ్ల ముఖాలతో మీకేం పనని ఇంకొకరు. టీవీ చర్చల్లో ఈ రెండు ముక్కలే తిరుగుతున్నాయి.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలవడం, ఆ తర్వాత ఆధార్ రావడం, దాని మీద సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి నడిచిన కేసు, అన్నీ తెలిసిన సంగతులే. మళ్లీ చెప్పుకోవడం దండగ. ఈ గొడవలో అసలు చూడాల్సింది మస్టరు ఎవరి చేతిలో ఉంది, అక్కడినుంచి ఎప్పుడు జారిపోయింది అన్నదే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరువు పనికి వెళ్లినవాళ్లను అడిగితే సామాజిక తనిఖీ అంటే ఏమిటో చెబుతారు. తనిఖీకి వచ్చిన కుర్రాళ్లు నాలుగు రోజులు ఊళ్లోనే ఉండి, ఇల్లిల్లూ తిరిగి జాబ్ కార్డులు చూసేవారు. తవ్వామని రాసుకున్న గుంతల దగ్గరికి వెళ్లి టేపు పట్టేవారు. పొద్దుగూకాక అందరూ పనుల నుంచి వచ్చే వేళకు రచ్చబండ దగ్గర కూర్చుని మస్టరు పైకి చదివేవారు. పేరు, రోజులు, కూలి. నేను చూసిన ఒక సభలో, ఎవరికో ఆరు రోజుల కూలి పడినట్టు చదవగానే వెనకనుంచి ఒక ముసలాయన లేచాడు. "ఆయమ్మ పోయి మూడేళ్లయింది సారూ, ఏ గుంత తవ్వడానికి వచ్చిందంట?" జనం నవ్వారు. మస్టరు రాసే ఫీల్డ్ అసిస్టెంట్ నవ్వలేదు. తర్వాత మండల కేంద్రంలో ప్రజా వేదిక పెట్టినప్పుడు అదే ముసలాయన మైకు పట్టుకుని, అధికారుల ఎదుట అదే మాట మళ్లీ చెప్పాడు.

ఆ ముసలాయన దగ్గర స్కానర్ లేదు, సర్వర్ లేదు. ఆయనకు తెలిసింది పక్కింటి మనిషి బతికుందో లేదో. ఆ తెలివినే వ్యవస్థగా మార్చింది ఈ రాష్ట్రం. 2006లోనే తనిఖీలు మొదలుపెట్టి, 2009లో వాటికోసం విడిగా ఒక సొసైటీ ఏర్పాటు చేశారు. తనిఖీల్లో దొరికిపోయినవాళ్ల మీద చర్యకు 2012లో ప్రత్యేక చట్టం కూడా తెచ్చారు. అంతా సవ్యంగా నడిచిందని కాదు. తేల్చిన సొమ్ములో తిరిగి వసూలైంది తక్కువ, సస్పెండైన చాలామంది మళ్లీ ఉద్యోగాల్లో చేరారు. కానీ జవాబు చెప్పాల్సింది ఎవరు, అడగాల్సింది ఎవరు అన్న విషయంలో ఎవరికీ అనుమానం ఉండేది కాదు. ఊరు అడిగేది, ఆఫీసు చెప్పేది.

వేలిముద్ర అంటేనే పాపమని కూడా నేననను. అదే కాలంలో ఉపాధి కూలి, పింఛన్లు స్మార్ట్‌కార్డుల మీద ఇచ్చిన ప్రయోగాన్ని 157 మండలాల్లో కార్తీక్ మురళీధరన్, ఇంకో ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించారు. 2016లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం కూలి త్వరగా అందింది, మధ్యలో మింగేది తగ్గింది, కార్డు వాడినవాళ్లలో ఎక్కువమంది పాత పద్ధతి కంటే ఇదే నయమన్నారు. అనరా మరి? అక్కడ వేలు పెట్టేది డబ్బు తీసుకునేటప్పుడు. నా డబ్బు ఇంకొకడు ఎత్తుకుపోకుండా నేను వేసుకునే తాళం అది. నేను ఎన్నింటికి వచ్చాను, ఎన్నింటిదాకా ఉన్నాను అని నన్ను కాపలా కాసేది కాదు.

ఇక అసలు మలుపుకు వద్దాం. 2021 మేలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఎన్ఎంఎంఎస్ అనే హాజరు యాప్ తెచ్చింది. ఏడాది తర్వాత, 2022 మే 16 నుంచి, ఇరవై మంది లేదా అంతకు మించి కూలీలున్న చోట తప్పనిసరి చేసింది. 2023 జనవరి 1 నుంచి, సొంత పొలాల్లో చేసుకునే వ్యక్తిగత పనులు తప్ప, అన్నిచోట్లా అదే. మేట్, అంటే కూలీల జట్టును చూసుకునే మనిషి, తన ఫోన్ తీసి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం దాటాక ఇంకోసారి కూలీల ఫొటో తీసి ఎక్కించాలి. ఫొటోకు టైము, ఆ చోటు లొకేషన్ అంటుకుని వెళ్తాయి.

చెప్పడానికి చిన్న మార్పే. కానీ అంతకుముందు మస్టరు కాగితం పని దగ్గరే ఉండేది. ఎవరైనా అడిగి చూడొచ్చు. సంతకమో వేలిముద్రో పెట్టేటప్పుడు తన పేరు ఎదుట ఏం రాశారో, కనీసం ఎన్ని గళ్లు నిండాయో కూలీ చూసుకునేది. ఫోన్ వచ్చాక ఆ కాగితం మేట్ జేబులోకి, అక్కడినుంచి ఢిల్లీ సర్వర్‌లోకి పోయింది. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే ఆ రోజు పని చేసిన రుజువు చేతిలో ఏమీ ఉండదు. మేట్‌ను అడిగితే యాప్ తీసుకోలేదంటుంది. మండలంలో అడిగితే పైనుంచే అలా ఉందంటారు. పైన అంటే ఎవరు? ఆ ప్రశ్న దగ్గరే కథ ఆగిపోతుంది. 2023 తొలి నెలల్లో కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర వంతులవారీగా ధర్నాకు కూర్చున్నది ఈ యాప్‌కు, ఆధార్ చెల్లింపుల నిబంధనకు వ్యతిరేకంగానే.

ఇంకో సంగతి పట్నాల్లో కూర్చుని వాదించేవాళ్లకు తట్టదు. మన దగ్గర ఉపాధి పనికి కూలి చాలావరకు కొలత మీద. ఎంత మట్టి తవ్వితే అంత. టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి పొడవు, వెడల్పు, లోతు తీసి ఎంబుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, రాస్తాడు. ఎండాకాలంలో తెల్లవారకముందే గునపం పట్టుకుని, ఎండ ముదిరేలోపు కొలత పూర్తిచేసి ఇంటికెళ్లడం జనం ఎప్పటినుంచో చేస్తున్నదే. కూలి గుంతను బట్టి ఇచ్చేటప్పుడు మనిషి మధ్యాహ్నం అక్కడ ఉన్నాడో లేడో ఎందుకు? రెండో ఫొటో కోసమని కూలీలు ఎండలో చెట్టు నీడ వెతుక్కుంటూ కూర్చున్నారు. కొందరు ఇంటికెళ్లి, ఫొటో టైముకు మళ్లీ నడిచొచ్చారు. ఆ ఫొటో పనిని కొలవదు, మనిషి కదలికను కొలుస్తుంది.

ప్రభుత్వం మాట కూడా చెప్పాలి. పనికి రానివాళ్ల పేర్ల మీద కోట్లు పోతున్నాయని, అప్పటికప్పుడు హాజరు పడితే ఆ మోసం ఆగుతుందని, ఫొటోలు పోర్టల్‌లో అందరికీ కనిపిస్తాయి కాబట్టి పారదర్శకత పెరుగుతుందని కేంద్రం వాదన. మోసం ఉన్నమాట నిజమే, రచ్చబండ ముసలాయన చెప్పిందీ అదే.

కానీ ఆగిందా? ఆగలేదని చెప్పింది కేంద్రమే. 2025 జులై 8న అదే శాఖ రాష్ట్రాలకు పంపిన సర్క్యులర్ చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారట. ఫొటోనే మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారట. మస్టరులో ఆడవాళ్లుంటే ఫొటోలో మగవాళ్లున్నారట. ఒకే మనుషులు రెండు మూడు మస్టర్లలో కనిపిస్తున్నారట. దీనికి శాఖ చెప్పిన విరుగుడు, పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోను మనుషులే కూర్చుని సరిచూడటం. మనిషిని నమ్మలేక యంత్రం తెచ్చి, యంత్రాన్ని నమ్మలేక మళ్లీ ఆ మనుషులకే అప్పజెప్పారు. ముఖాన్ని ఆధార్‌తో సరిపోల్చే ఈ-కేవైసీ ఆ తర్వాత వచ్చిన అడుగు. గడ్డపార పట్టిన చేతులకు వేలిగీతలు అరిగిపోతాయి కాబట్టి వేలికన్నా ముఖమే మేలనే మాటలో కొంత నిజం ఉంది. కాకపోతే ఊళ్లోవాళ్లకు కనబడే మస్టరు మాత్రం ఏ సర్క్యులర్‌లోనూ తిరిగి రాలేదు.

ఇలా జరుగుతుందని ఎవరూ ఊహించలేదని అనుకోవడానికి కూడా లేదు. రాజస్థాన్ ఉదయ్‌పూర్ జిల్లాలో 2006లోనే నర్సుల హాజరుకు టైము కొట్టే యంత్రాలు పెట్టారు, రాకపోతే జీతం కోత. మొదటి ఆరు నెలలు హాజరు బాగా పెరిగింది. పదహారు నెలలు తిరిగేసరికి యంత్రం ఉన్న కేంద్రాలకూ లేనివాటికీ తేడా లేదు. ప్రధానంగా చెడింది యంత్రాలు కాదు. మీటింగ్‌కు వెళ్లారనో, ఇంకో డ్యూటీ మీద ఉన్నారనో పైవాళ్లు మినహాయింపులు రాసివ్వడం ఎక్కువైంది. తర్వాత కర్ణాటకలో 322 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను తీసుకుని, కొన్నింటిలో వేలిముద్ర యంత్రాలు పెట్టి చూశారు. నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబ్ సిబ్బంది హాజరు కొంత మెరుగుపడింది. డాక్టర్ల హాజరులో మార్పు రాలేదు. నిచ్చెనలో కింది మెట్టు మీద ఉన్నవాళ్లనే యంత్రం పట్టుకుంది.

ఇప్పుడు గోప్యత సంగతి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 26న ఆధార్ తీర్పులో, ప్రైవేటు కంపెనీలు ఆధార్ అడిగే వీలును కొట్టేస్తూనే, ప్రభుత్వ పథకాలకు అడగడం సబబేనన్నారు నలుగురు. జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరే విభేదించారు. అంటే బ్యాంకు ఖాతాకు ఆధార్ అడిగితే కాదనే హక్కు దక్కింది, గునపం పట్టేవాళ్లకు దక్కలేదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అదే దారి పట్టింది. సబ్సిడీలు, పథకాల కోసమైతే ప్రభుత్వం చాలా సందర్భాల్లో కొత్తగా సమ్మతి అడగక్కర్లేదు.

ఆ చట్టంలో సెక్షన్ 44(3) అని ఒకటుంది. హాజరు వార్తల్లో దీని ఊసే రాదు. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసింది అది. వ్యక్తిగత సమాచారమైనా సరే, ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ నిబంధనలోనే ఇదివరకు ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారమైతే నిరాకరించవచ్చు, అంతే. 2025 నవంబరులో రూల్స్‌తో పాటు ఇదీ అమల్లోకి వచ్చింది. సెక్షన్ 8(2) కింద ప్రజా ప్రయోజనం చూపి అడిగే దారి ఇంకా ఉందని ప్రభుత్వం అంటుంది. ఉంది. కానీ ఆ దారిలో ఇవ్వాలో వద్దో తూచేది ఆ ఆఫీసే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు గొడవంతా అక్కడే కనిపిస్తుంది. తట్ట నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి ఫొటో, తేదీ, టైము, చోటుతో సహా పోర్టల్‌లో ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఆ ఫొటో పెట్టొచ్చా అని ఆమెను అడిగినవాళ్లు లేరు. ఆమె మస్టరు మీద తప్పుడు సంతకం పెట్టిన అధికారి మీద ఏం చర్య తీసుకున్నారని ఆమె అడిగితే మాత్రం, అది ఆయన వ్యక్తిగత సమాచారమనే జవాబు రావచ్చు. ఒకే చట్టం, ఒకే గోప్యత.

ఆలస్యం లెక్క కూడా ఇలాంటిదే. ఉపాధి హామీలో కూలి పదిహేను రోజుల్లో పడాలి. దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం. 2025–26లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రోజు కూలి 307 రూపాయలు, అంటే ఒక రోజు కూలి ఒక రోజు ఆలస్యమైతే కూలీకి వచ్చేది సుమారు 15 పైసలు. ఆ పైసలు లెక్కగట్టే కంప్యూటర్ కూడా రాష్ట్రం దగ్గర జరిగిన ఆలస్యాన్నే చూసింది. చెల్లింపు ఆర్డరు ఢిల్లీ చేరాక పట్టిన రోజులను వదిలేసింది. అవి కూడా ప్రభుత్వ బాధ్యతేనని 2018 మేలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మధ్యాహ్నం ఫొటో ఎక్కకపోతే పోయేది మాత్రం రోజు కూలి, 307 రూపాయలు.